పంచాయతీ లెక్కను ఫోన్ నుంచి గ్రామసభ దాకా తీసుకెళ్లడం ఎలా?

మన పంచాయతీకి ఆర్థిక సంఘం నిధులు (ఆ సంఘం సిఫార్సు మీద కేంద్రం ఇచ్చే డబ్బు) ఎంత వచ్చాయి, ఏ పనికి ఎంత ఖర్చయింది, ఆ డబ్బు ఏ తేదీన చెల్లించారు అన్నది ఇప్పుడు ఎవరైనా ఫోన్లో చూడొచ్చు. లాగిన్ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2020 ఏప్రిల్ 24న మొదలుపెట్టిన ఈగ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్‌లో ఇవన్నీ ఉన్నాయి. అయినా ఉదయగిరి, వింజమూరు, కలిగిరి మెట్ట పల్లెల్లో రచ్చబండ దగ్గర అడిగి చూడండి. "నిధులు లేవంట" అనేవాళ్లు, "వచ్చాయంట, తినేశారంట" అనేవాళ్లు దొరుకుతారు గానీ, ఇంత వచ్చింది, ఇంత ఖర్చయింది అని అంకె చెప్పేవాళ్లు చాలా అరుదు. ఈ 'అంట' దగ్గరే ఊరి రాజకీయం మొత్తం ఆగిపోతోంది.

ఆ అంకెను వెబ్‌సైట్ నుంచి తీసి, పనితో సరిచూసి, తెలుగులో ఒక్క కాగితం మీద గ్రామసభ ముందు పెట్టడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. నెల్లూరు జిల్లా పంచాయతీలను మనసులో పెట్టుకుని రాసినా, దర్శి, కొండపి, టంగుటూరు వైపు వాళ్లకూ దారి ఇదే. కంప్యూటర్ పని ఒక పూటలో అయిపోతుంది. మనుషులతో పనే ఎక్కువ కాలం పడుతుంది, అందుకే అక్కడి నుంచి మొదలుపెడదాం.

ముందు నలుగురిని కూడగట్టండి

ఒక్కరే దిగితే దీన్ని పాత కక్ష కింద జమకడతారు. కనీసం నలుగురు ఉండాలి, ఆ నలుగురూ ఒకే పార్టీ వాళ్లు అయి ఉండకూడదు. ఇంగ్లిష్ చదవగలిగే డిగ్రీ కుర్రాడో అమ్మాయో ఒకరు, మేస్త్రి పని తెలిసినవాళ్లు ఒకరు, పొదుపు సంఘం నడిపే ఆవిడ ఒకరు, ఎస్సీ, ఎస్టీ కాలనీల నుంచి తప్పకుండా ఒకరు. కాలనీ మనిషి లేకుండా చేసిన లెక్కలో కాలనీ కాలవ ఎప్పుడూ తప్పిపోతుంది.

పొదుపు సంఘాల వాళ్లను ఊరికే చెప్పడం లేదు. 1990ల మొదట్లో మన జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లే సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి సారా అమ్మకాలు ఆగిపోయాయి. నలుగురు కలిసి చదివితే ఏమవుతుందో చూసిన జిల్లా ఇది. ఇప్పుడు చదవాల్సింది పంచాయతీ పద్దు, అంతే తేడా.

రెండో పని, పంచాయతీ కార్యదర్శి దగ్గరికి వెళ్లి మీరేం చేయబోతున్నారో ముందే చెప్పడం. "సార్, మన పంచాయతీ లెక్కలు ఆన్‌లైన్‌లో చూసి గ్రామసభలో తెలుగులో చదువుదామనుకుంటున్నాం, అర్థం కానివి మిమ్మల్ని అడుగుతాం" అంటే చాలు. చాలామంది కార్యదర్శులు సాయం చేస్తారు, ఎందుకంటే చేయని తప్పుకి వాళ్లే ఎక్కువ మాటలు పడుతుంటారు. సర్పంచ్ గారికి కూడా చెప్పండి. పాలకవర్గం పదవీకాలం ముగిసి ఉంటే ఆ బాధ్యత చూస్తున్న ప్రత్యేకాధికారికి చెప్పండి.

వెబ్‌సైట్‌లో మన ఊరిని పట్టుకోవడం

చాలామంది ఇక్కడే విసిగిపోయి వదిలేస్తారు. కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

ఈగ్రామ్‌స్వరాజ్ డాట్ గవ్ డాట్ ఇన్ తెరవండి. చిన్న ఫోన్లో పట్టికలు సగం కనబడవు. బ్రౌజర్‌లో 'డెస్క్‌టాప్ సైట్' ఆప్షన్ నొక్కండి, లేదా నెట్ సెంటర్‌లో కూర్చోండి. ముందు ఆర్థిక సంవత్సరం, తర్వాత రాష్ట్రం, జిల్లా, బ్లాక్, గ్రామ పంచాయతీ ఎంచుకోవాలి. జిల్లా దగ్గరే మనవాళ్లకు మొదటి చిక్కు. ఇంగ్లిష్ జాబితాలో ఎన్ అక్షరం దగ్గర నెల్లూరు కనబడకపోతే ఎస్ దగ్గర చూడండి. శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు అనే పూర్తి పేరుతో ఉంటుంది. ఒక్కో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఒక్కోలా రాశారు. బ్లాక్ అంటే మన మండలమే. ఊరి పేరు స్పెల్లింగ్ కూడా మనం రాసుకునేలా ఉండకపోవచ్చు. 'పాడు', 'పాలెం', 'గుంట' లాంటివి రెండు మూడు రకాలుగా రాస్తారు, ఒకే పేరుతో రెండు ఊళ్లు కూడా ఉంటాయి. ఒకసారి దొరికాక పేరు పక్కనే ఉండే పంచాయతీ కోడ్ నంబర్ రాసి పెట్టుకోండి, తర్వాత వెతుకులాట తప్పుతుంది.

అక్కడ మీకు కావాల్సినవి రెండే. ఒకటి ఆమోదం పొందిన వార్షిక ప్రణాళిక, అంటే ఆ ఏడాది చేస్తామని పంచాయతీ రాసి ఇచ్చిన పనుల జాబితా. రెండోది జమాఖర్చుల నివేదిక, అంటే వచ్చిన డబ్బు, ఇచ్చిన డబ్బు. మిగతా రిపోర్టులు చాలా కనబడతాయి, మొదటి విడతలో వాటి జోలికి వెళ్లొద్దు. మేరీ పంచాయత్ అనే యాప్‌లోనూ ఇదే సమాచారం కనబడుతుంది, కానీ పట్టిక డౌన్‌లోడ్ చేసుకోవాలంటే వెబ్‌సైటే నయం.

కనబడిన ప్రతి పేజీనీ ఆ రోజే పీడీఎఫ్‌గా దాచుకోండి, ఫైల్ పేరులో తేదీ పెట్టండి. ఆన్‌లైన్‌లో ఉన్నది రేపు కూడా ఉంటుందన్న భరోసా లేదు. మన రాష్ట్రంలోనే 2021 ఆగస్టులో జీవోలను ఆన్‌లైన్‌లో పెట్టడం ఆపేశారు, మళ్లీ 2024 ఆగస్టులో మొదలుపెట్టారు. ఆ మూడేళ్లు వెబ్‌సైట్లూ ఉన్నాయి, కంప్యూటర్లూ ఉన్నాయి. తెరవాలా వద్దా అన్నది మనుషులు తీసుకునే నిర్ణయం. అందుకే అడిగేవాళ్లు ఉండాలంటున్నాను.

అంకెలను చదవడం

2021-26 మధ్య 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం 'టైడ్', 40 శాతం 'అన్‌టైడ్'. టైడ్ అంటే ఫలానా పనికే వాడాలని కట్టడి ఉన్న డబ్బు. అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి. అన్‌టైడ్ డబ్బును ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గానీ, జీతాలకూ ఆఫీసు నిర్వహణకూ వాడకూడదు. 2026-27 నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం మొదలవుతుంది కాబట్టి ఆ ఏడాది నుంచి ఆ పేరుతో వెతకండి, పాత నిబంధనలే ఉన్నాయనుకోవద్దు.

ఈ విభజన తెలిస్తేనే సరైన ప్రశ్న వస్తుంది. "మా వీధికి రోడ్డు ఎందుకు వేయలేదు, డబ్బు ఉంది కదా" అని అడిగితే, "అది టైడ్ డబ్బమ్మా, రోడ్డుకు కుదరదు" అనే జవాబు నిజంగానే సరైనది కావొచ్చు. అదే "తాగునీటి వాటాలో ఇంత మిగిలి ఉంది, మోటారు రిపేరుకు ఎందుకు వాడలేదు" అంటే జవాబు చెప్పే తీరాలి.

జమాఖర్చుల్లో చెల్లింపులు వోచర్ల వారీగా (ఒక్కో చెల్లింపుకు ఒక్కో నంబరుతో) ఉంటాయి. ఈ చెల్లింపులు నగదుగా జరగవు. ఒకరు తయారు చేసి, ఇంకొకరు ఆమోదించి, ఇద్దరి డిజిటల్ సంతకాలు పడ్డాకే ఆన్‌లైన్‌లో డబ్బు కదులుతుంది. ఈ డిజిటల్ 'కీ' (ఆ సంతకం పెట్టే పరికరం) ఎవరి దగ్గర ఉండాలో వాళ్ల దగ్గరే ఉందా అన్నది గ్రామసభలో మర్యాదగా అడగదగ్గ ప్రశ్న. తన కీ ఇంకొకరి చేతిలో పెట్టేసిన సర్పంచ్‌కి, ముఖ్యంగా కొత్తగా గెలిచిన మహిళా సర్పంచ్‌కి, ఆ సంతకం తన బాధ్యత అని ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు.

ఇప్పుడు గూగుల్ షీట్స్‌లో ఐదు గడులతో పట్టిక చేయండి: పని పేరు, ఏ వీధి, ప్రణాళికలో రాసిన మొత్తం, చెల్లించిన మొత్తం, మనం చూసినప్పుడు ఉన్న పరిస్థితి. అంకెల పక్కన తప్పకుండా తెలుగులో వీధి గుర్తు రాయండి. 'సీసీ డ్రెయిన్ ఇన్ ఎస్సీ కాలనీ' అంటే ఎవరికీ ఏమీ పట్టదు. 'రామాలయం వెనక నుంచి చెరువు కట్ట దాకా కాలవ' అంటే ఊరంతా తల తిప్పి చూస్తుంది. పాత తెలుగు ఫైళ్లు అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత అక్షరాల్లో) ఉంటే కాపీ చేసినప్పుడు పిచ్చి గీతలు వస్తాయి. వాటితో కుస్తీ పట్టకుండా చూసి మళ్లీ టైప్ చేసుకోండి.

టేపు పట్టుకుని వీధిలోకి

నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు ఇది. ఇక్కడే లెక్క ఊరిదవుతుంది.

సీసీ రోడ్డు వేశారనుకోండి. రికార్డులో 60 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అని ఉందనుకుందాం. గుణిస్తే 27 ఘనపు మీటర్ల కాంక్రీటు. మీరు వెళ్లి కొలిస్తే పొడవు, వెడల్పు సరిపోయి, అంచు దగ్గర మందం 10 సెంటీమీటర్లే కనబడితే అది 18 ఘనపు మీటర్లే. మూడో వంతు తేడా. పొడవును అందరూ చూస్తారు, మందాన్ని ఎవరూ చూడరు. మేస్త్రి మనతో ఉండాలన్నది అందుకే. అయితే ఒక్క చోట అంచు చూసి దొంగతనం అని తేల్చకండి. నాలుగు చోట్ల కొలవండి, తవ్వకండి, పగలగొట్టకండి. తేడా ఉందనిపిస్తే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారిని పిలిచి, వాళ్ల ముందే కొలవమని అడగండి. వాళ్ల దగ్గర ఉండే ఎం-బుక్‌లో, అంటే పని కొలతల పుస్తకంలో, ఏ కొలతకు బిల్లు ఇచ్చారో రాసి ఉంటుంది. మీ కొలతను దానితోనే పోల్చాలి.

ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి, తేదీ, స్థలం ఫొటో మీద పడే కెమెరా యాప్‌తో ఫొటోలు తీయండి. పని మొత్తం కనబడేలా ఒకటి, టేపు మీద అంకె కనబడేలా ఒకటి. మనుషుల ముఖాలు పడకుండా చూసుకోండి.

ఉపాధి హామీ పనులైతే ఇంకో ఆధారం కూడా ఉంది. ఇస్రోకు చెందిన భువన్ పటంలో ఆ పనుల ఫొటోలు స్థలం గుర్తుతో సహా పెట్టారు. 2016 నుంచి ఈ పద్ధతి ఉంది. పూడిక తీశామన్న కుంట, పటంలో గుర్తు ఉన్న చోటే ఉందా అని చూసుకోవచ్చు. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), పనివారీ ఖర్చు పథకం వెబ్‌సైట్‌లో పంచాయతీ వారీగా దొరుకుతాయి.

మెట్టలో నీళ్ల లెక్క

నెల్లూరు జిల్లా పడమటి మండలాల్లో, ప్రకాశం జిల్లా మెట్టలో ఫ్లోరైడ్ బాధ తెలియని ఇల్లు లేదు. పళ్ల మీద పసుపు గారలు, వయసు రాకముందే వంగిపోయే నడుములు. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ డ్యాష్‌బోర్డులో ఊరి పేరు కొడితే ఎన్ని ఇళ్లకు కుళాయి ఉందని రాశారో, ఆ ఊరి నీటికి చేసిన పరీక్షలేంటో చూడొచ్చు.

ఇక్కడ చేయాల్సింది చాలా సులువు. కుళాయి ఉందని రాసిన ఇళ్ల సంఖ్య తీసుకుని వీధి వీధి తిరిగి, పైపు ఉందా, నీళ్లు వస్తున్నాయా, వారంలో ఎన్ని రోజులు అని మూడు ప్రశ్నలే అడగండి. పైపు ఉండి నీళ్లు రాని ఇల్లు రికార్డులో 'కుళాయి ఉన్న ఇల్లు'గానే ఉంటుంది. ఆ ఇంట్లో ఆడమనిషికి మాత్రం బిందె మోయడం తప్పదు. ఈ జాబితాను పొదుపు సంఘం వాళ్లు చేస్తే ఒక్క వారంలో అవుతుంది, అది మగవాళ్లు చేసేదానికంటే నిక్కచ్చిగా ఉంటుంది. నీటి పరీక్ష నివేదిక పాతదైతే మళ్లీ చేయించమని గ్రామీణ నీటి సరఫరా విభాగాన్ని రాతపూర్వకంగా అడగండి.

ఆన్‌లైన్‌లో లేనివి రాబట్టడం

ఎస్టిమేట్లు, ఎం-బుక్ నకళ్లు, బిల్లులు వెబ్‌సైట్లలో ఉండవు. వాటికి 2005 సమాచార హక్కు చట్టమే (ఆర్టీఐ) దారి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్ల కాగితం చాలు, ఎందుకు కావాలో కారణం చెప్పనక్కర్లేదు.

కేంద్రం ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో మన పంచాయతీ గురించి వేయొద్దు. అది కేంద్ర శాఖలకే. రాష్ట్రానిది వేస్తే తిప్పి పంపుతారు, కట్టిన రుసుము కూడా రాదు. నేరుగా ఇచ్చి నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి, లేకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

అడిగే తీరు ముఖ్యం. "మా ఊరి అభివృద్ధికి ఏం చేశారు?" అని అడిగితే ఏమీ రాదు. ఇలా రాయండి: "2024-25 ఆర్థిక సంవత్సరంలో మా గ్రామ పంచాయతీలో ఫలానా వోచర్ నంబర్, ఫలానా తేదీన చెల్లించిన సీసీ రోడ్డు పనికి సంబంధించిన ఎస్టిమేట్, ఎం-బుక్ సంబంధిత పేజీలు, బిల్లు, పంచాయతీ తీర్మానం నకళ్లు ఇప్పించగలరు. అదే పని రికార్డులను స్వయంగా పరిశీలించడానికి తేదీ, సమయం తెలపగలరు." వోచర్ నంబర్ ఎక్కడిదంటే, మీరు దాచుకున్న పీడీఎఫ్‌లోదే. అంత కచ్చితంగా అడిగితే 'సమాచారం స్పష్టంగా లేదు' అనడానికి వీలుండదు. మనుషుల వ్యక్తిగత వివరాలు అడగొద్దు. పని గురించే అడగండి.

జవాబుకు 30 రోజుల గడువు. దాటితే సమాచారం ఉచితంగా ఇవ్వాలి. రాకపోయినా, సగమే వచ్చినా, 30 రోజుల్లోపు అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఈ తేదీలు ఫోన్ క్యాలెండర్‌లో పెట్టేయండి. ఆర్టీఐలు చాలావరకు చచ్చిపోయేది జవాబు రాక కాదు, అప్పీలు తేదీ మరిచిపోయి.

సొంత సమస్య, అంటే పింఛను, సర్టిఫికెట్, భూమి రికార్డులాంటిదైతే ఇంత తతంగం వద్దు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి, 1100కు ఫోన్ చేయండి, లేదా 2025 జనవరిలో మొదలైన మన మిత్ర వాట్సాప్ నంబర్ 95523 00009కు 'హాయ్' పెట్టండి. ఆ అర్జీ నంబర్ రాసి ఉంచుకోండి, చాలు.

గ్రామసభలో పెట్టడం

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. ఆ రోజు పేపర్లలో పెద్ద వార్త. మామూలు గ్రామసభ మాత్రం నలుగురు కూర్చుని, రిజిస్టర్‌లో సంతకాలు ఇళ్ల దగ్గర పెట్టించుకునేలా జరిగిపోతుంటుంది. చట్టం ప్రకారం ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలి, ఊరి ఓటరు జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. తేదీ కార్యదర్శిని ముందే అడిగి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి, చాటింపు వేయించండి. ఉపాధి పనులకు, కూలికి వెళ్లేవాళ్లు రాగలిగే వేళకు పెట్టమని అడగండి.

లెక్కంతా ఏ4 కాగితానికి ఒక వైపు పట్టాలి, పెద్ద అక్షరాల్లో. వచ్చింది ఇంత, ఖర్చు ఇంత, మిగిలింది ఇంత, పనులు ఇవి, సందేహాలు ఇవి. నకలు మూడు రోజుల ముందే కార్యదర్శికి, సర్పంచ్‌కి ఇవ్వండి. సభలో ఉన్నట్టుండి నిలదీస్తే ఎవరైనా మొండికేస్తారు, ముందే ఇస్తే జవాబు తెచ్చుకుంటారు. సగం సందేహాలు అలాగే తీరిపోతాయి. కాగితం చదివాక ఏ పెద్దావిడో "అవన్నీ సరే నాయనా, మా వీధి కాలవ ఇందులో ఉందా?" అని అడుగుతుంది. దానికి సూటిగా ఉంది, లేదు అని చెప్పగలగాలి.

తేలిన విషయాన్ని తీర్మానంగా రాయించండి: ఏ పనిని ఎవరు, ఎప్పటిలోగా తిరిగి కొలవాలి. మాటల్లో ఒప్పుకున్నది లెక్కలోకి రాదు. తీర్మానం పేజీని అక్కడికక్కడే ఫొటో తీసుకోండి.

ఉపాధి పనుల మీద సందేహాలుంటే సామాజిక తనిఖీ బృందం ఊరికి వచ్చినప్పుడు మీ పట్టిక చేతికివ్వండి. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లో ఈ తనిఖీ పెట్టారు. దీన్ని మన రాష్ట్రం మిగతావాటికంటే ముందే గట్టిగా నడిపింది, 2009లో అందుకోసం ప్రత్యేక సొసైటీ పెట్టింది. తనిఖీలో తేలినవి అందరి ముందు చదివే మండల ప్రజావేదికకు కనీసం ఇద్దరు వెళ్లండి.

ప్రణాళికలో చెయ్యి వేయడం

జరిగిపోయిన ఖర్చు అడగడంతో ఆగిపోతే మనం తనిఖీదార్లుగానే మిగిలిపోతాం. ఏటా అక్టోబర్ 2 నుంచి వచ్చే ఏడాది పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారీ ప్రచారం మొదలవుతుంది. మీ దగ్గర ఇప్పుడు నీళ్లు రాని ఇళ్ల జాబితా ఉంది, కాలవ లేని వీధుల ఫొటోలు ఉన్నాయి, ఏ ఖాతాలో ఎంత మిగిలిందో తెలుసు. వీటితో మూడు పనులు మాత్రమే ఎంచుకుని, ఒక్కోదానికి ఏ నిధి సరిపోతుందో పక్కనే రాసి ఇవ్వండి. ఇరవై కోర్కెల జాబితాను ఎవరూ పట్టించుకోరు. కొన్ని నెలల తర్వాత ఈగ్రామ్‌స్వరాజ్‌లో ఆమోదిత ప్రణాళిక తెరిచి ఆ మూడూ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే వచ్చే గ్రామసభకు మొదటి ప్రశ్న అదే.

వాట్సాప్ గ్రూపు నడిపేటప్పుడు రెండు కట్టుబాట్లు పెట్టుకోండి. ఆధార్, ఫోన్, బ్యాంకు నంబర్లు ఉన్న కాగితం ఎవరిదైనా సరే గ్రూపులో పెట్టొద్దు, రికార్డులో కనబడినా పెట్టొద్దు. ఆధారం లేకుండా ఎవరి పేరూ రాయొద్దు. ఫైళ్లు గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో ఉంచి, పాస్‌వర్డ్ ఇద్దరికి తెలిసేలా చూడండి. కంప్యూటర్ వచ్చిన కుర్రాడికి హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉద్యోగం రావడం ఖాయం. వెళ్లేలోపు పదో తరగతి పాసైన ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టి, జిల్లా పేరు ఎస్ దగ్గర వెతకాలన్న దగ్గర్నుంచి అన్నీ నేర్పించి వెళ్లమనండి.